అండమాన్ గుల్లల దిబ్బలు: రాత లేనివాళ్ల పాస్‌బుక్

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు వాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే ముందు మీకే ఒక ప్రశ్న. మీ వీధిలో అండమాన్‌లో ఉన్నవాళ్లు ఎంతమంది? వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తీరంలో లెక్కపెట్టడం మొదలుపెడితే రెండు చేతుల వేళ్లు చాలవు. చేపల వేటకి వెళ్లిన మావయ్య, తాపీ పనికి వెళ్లిన బావ, అక్కడే పుట్టి అక్కడే చదువుకుంటున్న పిన్ని పిల్లలు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దాదాపు 13 శాతం, అంటే 50 వేల మంది. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లే. విశాఖలో ఓడెక్కితే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది గానీ, మన ఊళ్లల్లో ఇంకా "మావోడు అండమాన్‌లో ఉన్నాడు" అంటారు, అంతే.

ఇవాళ చెప్పబోయేది ఆ దీవుల్లో మనవాళ్లకంటే చాలా ముందు నుంచీ ఉన్నవాళ్ల గురించి. వాళ్లు శాసనాలు చెక్కలేదు, స్తూపాలు కట్టలేదు, నాణేలు వెయ్యలేదు. సముద్రం ఇచ్చింది తిన్నారు, తిన్నాక గుల్లలు పారేశారు. ఆ పారేసిన కుప్పలు మిగిలాయి. వాళ్ల చరిత్రలో చేత్తో పట్టుకుని చూడగలిగింది మనకి దాదాపు అదొక్కటే.

మన పల్లెల్లో ఇంటి వెనక పెంటకుప్ప ఉంటుంది కదా, అలాంటిదే అనుకోండి. కాకపోతే పేడా గడ్డీ కుళ్లి మట్టిలో కలిసిపోతాయి, గుల్ల కలవదు. ఒకే చోట వందల ఏళ్లు వేస్తూ పోతే అది గుట్టలా లేస్తుంది. అండమాన్‌లో కొన్ని మనిషి ఎత్తు దాటినవి ఉన్నాయి. 1850 ప్రాంతంలో డెన్మార్క్ తీరంలో ఇలాంటి దిబ్బలు చూసి, ఇవి సముద్రం తెచ్చి పడేసినవా, మనుషులు పోసినవా అని అక్కడి పండితులు తెగ వాదించుకున్నారు. చివరికి మధ్యలో పొయ్యి బూడిద, కాలిన ఎముకలు, రాతి పనిముట్లు దొరికాక మనుషులవే అని తేల్చారు. వాళ్లు పెట్టిన పేరు 'కొక్కెన్‌మొడ్డింగ్', అంటే వంటింటి చెత్తకుప్ప. ఇంగ్లీషులో అదే కిచెన్ మిడెన్ అయింది. మనం గుల్లల దిబ్బ అందాం.

అండమాన్ దిబ్బల మీద మొదట్లో రాసినవాళ్లలో ఒకాయన ఫెర్డినాండ్ స్టోలిచ్కా. ఇప్పటి చెక్ దేశంలోని మొరావియాలో పుట్టాడు, కలకత్తాలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేశాడు. 1870లో ఆయన అండమాన్ గుల్లల దిబ్బల మీద ఒక చిన్న వ్యాసం వేశాడు. ఇక్కడ సరదా ఏంటంటే, ఈయన నత్తల మనిషి. నేల మీద తిరిగే నత్తల జాతుల్ని వర్ణించి పేర్లు పెట్టిన శాస్త్రవేత్త. చెత్తకుప్ప ముందు నిలబడితే మామూలు మనిషికి గుల్లల పోగు కనిపిస్తుంది. ఈయనకి అందులో ఏది బురదలోది, ఏది రాతి తీరానిది, ఏది అడవిలోది అని విడివిడిగా కనిపిస్తుంది. 36 ఏళ్ల వయసులో, 1874లో యార్కండ్ యాత్ర నుంచి తిరిగొస్తూ లడఖ్‌లో చనిపోయాడు పాపం.

తర్వాత 1950లలో లిడియో చిప్రియాని అనే ఇటలీ ఆంత్రోపాలజిస్టు దిబ్బలు తవ్వాడు. ఈయన పని వాడుకునేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం వేసిన జాతివాద మ్యానిఫెస్టో మీద సంతకం పెట్టినవాళ్లలో ఈయనొకడు. కొలతలు తీసుకోవచ్చు, మనుషుల మీద ఇచ్చిన తీర్పులు మాత్రం జాగ్రత్తగా చదవాలి అని నా అభిప్రాయం.

అసలు పని జరిగింది 1980లలో. జరీన్ కూపర్ అనే భారతీయ పురావస్తు శాస్త్రవేత్త దీవులన్నీ తిరిగి దిబ్బల్ని నమోదు చేసి, దక్షిణ అండమాన్‌లో చౌల్దారి అనే చోట పద్ధతి ప్రకారం తవ్వారు. గుల్లలతో పాటు కుండ పెంకులు, అడవిపంది ఎముకలు బయటపడ్డాయి. అక్కడి నుంచి వచ్చిన పాత రేడియోకార్బన్ తేదీ ఇప్పటికి సుమారు 2,280 ఏళ్ల కిందటిది, 90 ఏళ్లు అటూ ఇటూ. 2002లో ఆవిడ పుస్తకం వచ్చింది. అండమాన్ పురావస్తు చరిత్ర చదవాలంటే ఇప్పటికీ మొదలుపెట్టాల్సింది అక్కడే.

ఆ 2,280 అనే అంకెని ఒకసారి మన మ్యాప్ మీద పెట్టి చూడండి. అది మౌర్యుల కాలం, ఇంచుమించు అశోకుడి కళింగ యుద్ధం చుట్టుపక్కల. ఆ కళింగ ఎక్కడో కాదు, మనం నిలబడ్డ నేల. ఆ తర్వాతి వందేళ్లలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధులు కట్టడాలు మొదలుపెట్టారు. అంటే మన దగ్గర ఇటుక మీద ఇటుక పేరుస్తున్న రోజుల్లో, అదే బంగాళాఖాతానికి అవతల చౌల్దారిలో ఒక కుటుంబం పొయ్యి చుట్టూ కూర్చుని గుల్లలు ఉడకబెట్టుకుని తింటోంది. శాలిహుండానికి బోర్డు ఉంది, మ్యూజియం ఉంది, స్కూల్ పిల్లల టూర్ ఉంది. రెండోదాని గురించి మనలో ఎంతమంది విన్నాం?

సరే, చెత్తలోంచి చరిత్ర ఎలా తీస్తారు? సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే, ఇది లాగ్ ఫైల్ లాంటిది. కొత్తది ఎప్పుడూ పైన చేరుతుంది, కిందది ఎవరూ ఎడిట్ చెయ్యరు. అంటే ఎడిట్ చెయ్యకూడదు. ఎండ్రకాయలు, చెట్ల వేళ్లు, ఎలుకలు, తుఫాను అలలు అప్పుడప్పుడూ చేస్తాయి. అందుకే తవ్వేవాళ్లు పొర పొరగా, జల్లెడ పట్టి, ఏ పొరలో ఏది ఎంత ఉందో తూకం వేసి రాసుకుంటారు.

గుల్ల చేసే ఇంకో మేలు ఉంది. అండమాన్‌లో ఏటా మూడు మీటర్ల దాకా వాన కురుస్తుంది. అలాంటి అడవి మట్టిలో ఆమ్లం ఎక్కువ, ఎముక తొందరగా కరిగిపోతుంది. చెక్క, తాడు, ఆకు, విల్లు, పడవ ఏవీ మిగలవు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, మన తాంబూలంలో వేసుకునే గుల్ల సున్నం తయారయ్యే సరుకే. వాన నీరు గుల్లల మధ్య నుంచి దిగుతూ ఆమ్లం పోగొట్టుకుంటుంది. దాంతో గుల్లల మధ్య పడ్డ పంది ఎముక, చేప ముల్లు, తాబేలు డొక్క వేల ఏళ్లు నిలబడతాయి. అంటే వాళ్లు పారేసిన గుల్లలే వాళ్లు పారేసిన మిగతావాటిని కాపాడాయి.

గుల్ల జాతి చూస్తే వాళ్లు ఎక్కడ ఏరుకున్నారో తెలుస్తుంది. కొన్ని మడ అడవి బురదలో మాత్రమే బతుకుతాయి, కొన్ని అలలు కొట్టే రాళ్లని పట్టుకుని ఉంటాయి, కొన్ని పగడాల దగ్గర. కింది పొరల్లో బురద గుల్లలు, పై పొరల్లో రాతి గుల్లలు వస్తే ఆ మధ్యలో తీరమే మారిందని అనుమానించాలి. గుల్ల సైజు తగ్గుతూ వస్తే పెద్దవి అయిపోయేదాకా ఏరేశారని. గుల్ల మీద చెట్టు వలయాల్లాంటి ఎదుగుదల గీతలు ఉంటాయి, వాటి కెమిస్ట్రీ చూసి ఏ కాలంలో ఏరారో కూడా అంచనా కడతారు. ఒక చిక్కు కూడా ఉంది. సముద్రపు నీళ్లలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి సముద్రపు గుల్లకి రేడియోకార్బన్ పరీక్ష చేస్తే సగటున 400 ఏళ్లు ఎక్కువ వయసు చూపిస్తుంది. ఆ తేడా సరిచెయ్యాలి. పక్కనే పొయ్యి బొగ్గు దొరికితే దాంతో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం, నేల నత్తలు. దిబ్బల్లో సముద్రపు గుల్లలతో పాటు ఇవీ కనిపిస్తాయి. ప్రశ్న ఏంటంటే, వీటిని మనుషులు తిన్నారా, లేక సున్నం కోసం అవే పాకి వచ్చి అక్కడ చచ్చాయా? నత్త తన ఇల్లు కట్టుకోవడానికి కాల్షియం కావాలి. గుల్లల దిబ్బ దానికి సిమెంటు గోడౌన్. కాబట్టి అంగుళంలో నాలుగో వంతు కూడా లేని నత్తలు వందల్లో, పెద్దవీ పిల్లలూ కలిసి, కాలకుండా దొరికితే అవి వాటంతట అవి వచ్చినవే. పెద్ద సైజువి మాత్రమే ఏరినట్టు, కొన మీద ఒకేలా విరిచి, నిప్పు మచ్చలతో ఉంటే అది భోజనం. ఉత్తర ఆఫ్రికాలో, అల్జీరియా, ట్యునీషియాల్లో సముద్రానికి దూరంగా నేల నత్తలవే పెద్ద పెద్ద దిబ్బలున్నాయి. వేల ఏళ్ల కిందట అక్కడి జనం నత్తల్ని పట్టించుకుని తిన్నారనడానికి అవే సాక్ష్యం.

మన దగ్గర ఇలాంటి పోలిక ఒకటి కళ్లముందే ఉంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఏటా వానాకాలం ముందు ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి, నత్తగుల్ల కొంగలు అంటాం. చెరువుల్లో, పొలాల్లో నత్తల్ని పట్టి, ముక్కుతో గుల్ల లోపలి కండని కోసి లాగి తింటాయి. గుల్ల చాలావరకు ముక్కలవ్వకుండా మిగిలిపోతుంది. కొంగ తిన్న చోట బూడిద ఉండదు, కుండ పెంకు ఉండదు. పురావస్తు పని అంటే చాలాసార్లు ఇంతే, ఎవరు తిన్నారో తేల్చడం.

తినకపోయినా చిన్న నత్తలకి విలువుంది. కొన్ని జాతులు దట్టమైన అడవి నీడలోనే బతుకుతాయి, కొన్ని తెరిపి నేలలో. ఒక పొరలో అడవి నత్తలు మాయమై తెరిపి నత్తలు పెరిగితే, ఆ చుట్టుపక్కల చెట్లు పోయాయన్నమాట. పసిఫిక్ దీవుల్లో అయితే ఇంకా చిత్రం. అక్కడ పాత పొరల్లో అలోపియాస్ అనే సూది లాంటి చిన్న నత్త దొరికింది. పాలినీషియన్లు పడవల్లో మొక్కలూ దుంపలూ తీసుకెళ్తుంటే, వేళ్లకి అంటిన మట్టిలో టికెట్ లేకుండా దీవి నుంచి దీవికి ప్రయాణం చేసింది. నత్త ఎక్కడికి చేరిందో మనిషీ అక్కడికి చేరినట్టు.

అండమాన్‌లో టికెట్ లేని నత్త వేరే ఉంది. వాన పడితే గోడల మీద పాకే పిడికిలంత పెద్దది, ఆఫ్రికన్ జెయింట్ స్నెయిల్. మీ బంధువుల్ని అడగండి, కూరగాయల మడి పెట్టినవాళ్లయితే తిట్టకుండా దాని పేరెత్తరు. ఇండియాకి దీన్ని 1847లో బెన్సన్ అనే నత్తల పిచ్చి ఉన్న అధికారి మారిషస్ నుంచి కలకత్తా తెచ్చాడని రికార్డు. అండమాన్‌కి మాత్రం 1942 నుంచి 1945 దాకా దీవుల్ని ఆక్రమించిన జపాన్ సైన్యంతో వచ్చిందని చెప్తారు. తవ్వేవాళ్లకి ఇదొక టైమ్‌స్టాంప్. దిబ్బలో రెండు మూడడుగుల లోతున ఈ నత్త గుల్ల దొరికిందంటే, ఆ పొర ఎంత పాతగా కనిపించినా సరే, ఎవరో, ఏదో దాన్ని ఈమధ్యే కెలికారని అర్థం.

ఇక అసలు గొడవకి వద్దాం. దిబ్బలు 2,280 ఏళ్లు అంటున్నాయి. ఇదే ప్రశ్న మన హైదరాబాద్‌లో, సీసీఎంబీలో వేరే పద్ధతిలో అడిగారు. కె. తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం ఒంగే, గ్రేట్ అండమానీస్ మనుషుల తల్లి వైపు డీఎన్ఏ చదివి 2005లో 'సైన్స్' పత్రికలో రాసింది. వీళ్ల వంశ శాఖలు 50 వేల నుంచి 70 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి బయల్దేరిన తొలి మనుషుల దగ్గరికి పోతాయని వాళ్ల మాట. ఒకపక్క రెండు వేల చిల్లర, ఇంకోపక్క యాభై వేలు! ఎవరిది నిజం?

రెండూ వేరే వేరే విషయాలు కొలుస్తున్నాయి. ఒక వంశం మిగతావాళ్ల నుంచి ఎప్పుడు విడిపోయిందో డీఎన్ఏ చెప్తుంది, ఆ మనుషులు దీవిలో ఎప్పుడు అడుగుపెట్టారో నేరుగా చెప్పదు. ముందు బర్మా తీరంలోనో ఇంకెక్కడో విడిపోయి, చాలా తర్వాత పడవెక్కి ఉండొచ్చు. తర్వాతి ఏళ్లలో దగ్గరి శాఖలే భారతదేశపు తూర్పు వైపు జనాల్లోనూ దొరికాయి, దాంతో కొందరు శాస్త్రవేత్తలు దీవులకి రాక అంత పాతది కాదని వాదించారు. దిబ్బ తేదీ కూడా కనీసం అప్పటికే ఉన్నారు అని మాత్రమే అంటుంది, అప్పుడే వచ్చారు అనదు. 20 వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. తీరంలో బతికేవాళ్లు చెత్త తీరంలోనే పోస్తారు. ఆ కాలపు తీరం అంతా ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

అయినా ఒక ఖాళీ మిగులుతుంది, దాన్ని దాచక్కర్లేదు. సముద్రం ఇంచుమించు ఇప్పటి మట్టానికి వచ్చి 6, 7 వేల ఏళ్లయింది. మరి ఆరు వేలకీ రెండు వేలకీ మధ్య దిబ్బలు ఏవి? అక్కడి నేల కూడా కదలకుండా ఉండదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ వైపు తీరం దాదాపు మీటరు కుంగింది, ఉత్తర అండమాన్‌లో కొన్ని చోట్ల పగడాలు నీళ్లలోంచి పైకి లేచాయి. ఒక్క రోజులో అంత మారితే, నాలుగు వేల ఏళ్లలో ఎన్ని దిబ్బలు మునిగి ఉంటాయి? నా లెక్కలో చౌల్దారి తేదీని మొదటి పేజీ అనుకోకూడదు. మనకి చిక్కిన పేజీల్లో పాతది, అంతే.

దిబ్బ పై పొరల్లోకి వచ్చేసరికి కథ మన కాలంలోకి వస్తుంది. ఈ.హెచ్. మ్యాన్ అనే అధికారి 1883లో అచ్చువేసిన వివరాల్లో గుల్ల వాడకం ఎంతుందో చూడండి. కత్తి బదులు ఒక రకం గుల్ల, కంచం బదులు పెద్ద పిన్నా చిప్ప, నీళ్లు తాగడానికి నాటిలస్ గుల్ల. ఓడలు పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఇనుముతో బాణం మొనలు. బ్రిటిష్ వాళ్ల సీసాలు దొరికాక ఆ గాజుని చెక్కి, దాంతో ఆడవాళ్లు తలలు గొరిగేవారు. రాయి చెక్కే పద్ధతినే గాజు మీదికి మార్చారు. కొత్త మెటీరియల్ దొరికిన వెంటనే వాడేసుకున్నవాళ్లని 'రాతియుగంలో ఆగిపోయారు' అని రాశారు!

1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల సెటిల్‌మెంట్ పెట్టారు. మరుసటి ఏడాది మే 17న అండమానీయులు దాని మీద దాడి చేసి ఓడిపోయారు. ఆ తర్వాత బాణాలకంటే జబ్బులు ఎక్కువ చంపాయి. సిఫిలిస్, 1877లో తట్టు. 1858 నాటికి గ్రేట్ అండమానీస్ జనం సుమారు 5 వేలు ఉంటారని అంచనా. 1901 లెక్కల్లో 625. 1961లో 19. అంకె తప్పు పలకలేదు, పంతొమ్మిది మంది. తర్వాత వాళ్లని స్ట్రెయిట్ ఐలాండ్‌లో ఉంచారు, ఇప్పుడు కాస్త పెరిగి యాభై చిల్లర ఉన్నారు. 2010 జనవరి 26న బోవా సీనియర్ అనే పెద్దావిడ చనిపోయారు. 'బో' భాష మాట్లాడే ఆఖరి మనిషి ఆవిడే. అన్వితా అబ్బి అనే భాషావేత్త ఆమె మాటల్ని రికార్డు చేసి ఉంచారు కాబట్టి గొంతైనా మిగిలింది.

ఎవరూ లేని అడవిని నరికి ఊళ్లు కట్టాం అనే మాట అండమాన్ గురించి చాలామంది మామూలుగా అంటారు. సెటిలర్ల కుటుంబాల కష్టం చిన్నది కాదు, మనవాళ్లదీ అంతే. కానీ 'ఎవరూ లేని' అన్న ముక్క అబద్ధం. ఈ మాట మన జిల్లావాళ్లకి ఇట్టే అర్థం కావాలి. సోంపేట బీల గుర్తుందా? కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడ చేపలు పట్టేవాళ్లకి, పశువులు మేపేవాళ్లకి, ఆ నీళ్లతో పొలం తడుపుకునేవాళ్లకి అది బతుకు. ఆ రెండు మాటల మధ్య 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీల వాళ్లు కనీసం నోరు విప్పి, కోర్టుకెక్కి, మా భూమి అని చెప్పగలిగారు. చౌల్దారి వాళ్లకి అడంగల్ లేదు, పట్టా లేదు, భాష కూడా పోయింది. రెండు వేల ఏళ్లకి పైగా ఇక్కడ ఉన్నామని చెప్పే పాస్‌బుక్ ఒక్క ఆ గుల్లల దిబ్బే.

పైగా దిబ్బ చూడ్డానికి దిబ్బలా కూడా ఉండదు. పైన చెట్లు మొలిచి, నాచు పట్టి, మామూలు గుట్టలా ఉంటుంది. ప్రొక్లెయిన్ ఒక పూటలో చదును చేసేస్తుంది, ఆపరేటర్‌కి తెల్ల మట్టి వచ్చిందనిపిస్తుంది, అంతే.

కాబట్టి అండమాన్‌లో మావయ్యలూ బావలూ ఉన్నవాళ్లకి ఒక పని. ఈసారి వీడియో కాల్‌లో అడగండి: పునాది తవ్వినప్పుడో, బావి తవ్వినప్పుడో, తోట వేసినప్పుడో గుల్లలు పొరలు పొరలుగా వచ్చాయా? మధ్యలో బూడిద, కుండ పెంకులు ఉన్నాయా? ఉంటే గుల్లలు ఏరుకోవద్దు, కడగొద్దు, కదపొద్దు. కదిపితే పొర పోతుంది, పొర పోతే తేదీ పోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యమనండి. స్కేలు లేకపోతే చెప్పు పెట్టినా చాలు, సైజు తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఇంకా మంచిది. ఆ ఫొటో నాకు పంపేముందు అక్కడి ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫీసులో చూపించమనండి. మ్యూజియం పోర్ట్ బ్లెయిర్ ఊళ్లోనే ఉంది, మనవాళ్లు ఎక్కువగా ఉండే జంగ్లీఘాట్ నుంచి పెద్ద దూరం కాదు.